కౌన్సిలర్ మాస్టారి సంబంధం

నా చిన్నప్పుడు, నాకు వచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కలతో ఒక పెద్దమనిషి పరువు తీశాను. అప్పటికి పదకొండేళ్లవాణ్ణి. తెలియక చేశానని చెప్పుకోవడం సులభం. కాని నేను చెబుతుంటే వినేవాళ్ల కళ్లు పెద్దవవుతున్నాయని గమనించాను. అందుకే ఇంకొంచెం చెప్పాను.

మా నాన్న కువైట్‌లో, సల్వా అనే పేటలో ఒక కువైటీ ఇంట్లో డ్రైవరు. అమ్మ అదే ఇంట్లో వంట చేసేది. ఆవరణలోనే వెనక ఒక గది ఇచ్చారు మాకు. ఆ ఇంటి ఆడపిల్లలకు ఇంగ్లీషు చెప్పడానికి ఒక ముసలి ఇంగ్లండు ఆయన వచ్చేవాడు. మేం మాస్టారు అనేవాళ్లం. పిల్లల పాఠం అయ్యాక వంటింటి బల్ల దగ్గర కూర్చుని నాకు అరగంట చదువు చెప్పేవాడు. ఎవరూ అడగలేదు, తనంతట తనే చెప్పేవాడు. ఈ రోజు ఇదే కువైట్‌లో, దజీజ్‌లో గోడౌను ఇన్‌చార్జిగా కూర్చుని ఇంగ్లీషులో ఉత్తరాలు రాస్తున్నానంటే అది ఆ అరగంటల చలవే.

ఆయన తన దేశంలో ఒక చిన్న పట్టణంలో కౌన్సిలరుగా చేశాడని నాన్న చెప్పాడు. "మన వార్డు కౌన్సిలర్ లాగేరా. కుళాయి రాకపోతే జనం ఈయనింటికే పోయేవారన్నమాట" అని గౌరవంగా అనేవాడు.

ఒకసారి ఆయన ఇచ్చిన పుస్తకంలో పాత పేపరు ముక్క ఒకటి దొరికింది. దాని మీద ఆయన ఫొటో ఉంది. కౌన్సిలర్, విడో, హౌస్ అన్న మాటలు నాకు తెలుసు. స్కాండల్, లింక్డ్ తెలియవు. నాన్న కొనిచ్చిన నిఘంటువు తీశాను. స్కాండల్ అంటే అపకీర్తి అని, లింక్డ్ అంటే సంబంధం కలిగిన అని ఉంది. అంతే, నాకు కథ మొత్తం తెలిసిపోయింది.

వంటింట్లో అమ్మా, కడప నుంచి వచ్చిన పనమ్మాయీ బియ్యం ఏరుతున్నారు. ఆమెను అక్కా అని పిలిచేవాణ్ణి. "మాస్టారికి ఒక విధవరాలితో సంబంధం ఉందంట. ఆవిడకి ఇల్లు కూడా ఇచ్చాడంట. పేపర్లో వేశారు" అన్నాను.

అక్క చేట పక్కన పెట్టేసింది. "అట్లనా? ఈ వయసులో ఊరిడిసి ఇంత దూరం ఎందుకొచ్చినాడో అనుకుంటి. ఇదా కత."

అమ్మ నోరు మూసుకోమంది. అక్క మూసుకోలేదు. మర్నాటికి ఆ వీధిలోని పనివాళ్లందరికీ తెలిసింది. ఇంటి యజమానురాలికి కూడా తెలిసింది. అమ్మగారూ అన్నట్టు ఆమెను అందరం అరబ్బీలో మామా అనేవాళ్లం. ఆడపిల్లలున్న ఇల్లు ఆమెది. మధ్యాహ్నం మాస్టారు రాగానే గుమ్మంలోనే ఆపి, ఇక పాఠాలు వద్దంది, ఆయన్ను ఇంటి దగ్గర దింపి రమ్మని నాన్నతో చెప్పింది. ఆయన ఇఖామా, అంటే నివాస అనుమతి, ఆ ఇంటి పేరు మీదే ఉంది. పాఠాలు పోతే ఈ దేశంలో ఉండే వీలూ పోతుంది. తిరిగి వెళ్లడానికి ఆయనకు ఇంగ్లండులో ఎవరూ లేరని నాకు తెలుసు.

పుస్తకాల సంచీ మోయడానికి నన్నూ కారెక్కించారు. దారిలో మాస్టారు మెల్లగా, తన తప్పేమిటని అడిగాడు. నాన్న తనకు వచ్చిన ఇంగ్లీషులో చెప్పాడు: "మామా సే, సార్ లేడీ కీప్, హౌస్ గివ్."

మాస్టారికి తను నాకిచ్చిన పుస్తకంలోని పేపరు ముక్క గుర్తొచ్చింది. వెనక్కి తిరిగి, దానిలో ఏ మాటకు ఏ అర్థం చెప్పావని నన్ను అడిగాడు. ఏడుస్తూనే చెప్పాను. సంబంధం అంటే ఇంకేమిటని అడిగాడు. పెళ్లి కుదిరినా సంబంధమే అంటామని, చుట్టరికాన్నీ అంటామని, నేను వంటింట్లో అన్న ఆ రకందీ అదే మాటేనని చెప్పాను. ఆయన నవ్వాడు. కళ్లు తుడుచుకునేంతగా నవ్వాడు. "అన్నిటికీ ఒకటే మాటా?" అన్నాడు.

నవ్వు ఆగాక తన సంగతి చెప్పాడు. వాళ్ల పట్టణంలో ఇళ్లు లేనివారికి కౌన్సిలు వరస ప్రకారం ఇళ్లు ఇచ్చేది. చనిపోయిన స్నేహితుడి భార్య ఆ వరసలో చాలా వెనక ఉంది. ఆఫీసులో ఒక మాట చెప్పి ఆమె పేరు ముందుకు జరిపించాడు. దానివల్ల వెనకబడిన ఒక కుటుంబం, గోడలు చెమ్మెక్కిన గదిలో ఇంకో చలికాలం గడిపింది. వాళ్ల పిల్లకు ఉబ్బసం ముదిరింది. బయటపడినప్పుడు ఆయన తనకేమీ తెలియదన్నాడు. మూడు వారాలు అలాగే అన్నాడు. ఈలోగా ఆ పేరు జరిపిన ఆఫీసు గుమాస్తా ఉద్యోగం పోయింది. అప్పుడు గానీ నిజం ఒప్పుకోలేదు.

"సంబంధం ఉంది. నువ్వు చెప్పింది కాదు, కాగితంలో ఉన్నది" అన్నాడు. చేసింది చేసినంతే ఉండాలని, ఎక్కువా తక్కువా కాకూడదని ఆ ముక్క దాచుకున్నాడట.

నేను వెళ్లి మామాకు చెప్తానన్నాను. "చెప్పు. కాని రెండూ చెప్పాలి. ఆడమనిషి సంగతి అబద్ధమని చెప్పు. ఇంటి సంగతి నిజమని కూడా చెప్పు" అన్నాడు. నాన్న అద్దంలోంచి నావైపు చూశాడు. "రెండోది వద్దురా. సార్‌కి మామా సంగతి తెలీదు, ఖలాస్ అందంటే ఇక అయిపోయినట్టే" అని తెలుగులో గొణిగాడు.

తిరిగి వచ్చి మామా ముందు నిలబడ్డాను. ఆమె పిల్లలతో ఆడుతూ నేర్చిన అరబ్బీలో, అది నా తప్పని, మాటకు అర్థం తెలియక చెప్పానని, మాస్టారికి ఏ ఆడమనిషీ లేదని చెప్పాను. ఆమె ముఖం తేలికపడింది. రేపు రమ్మని చెప్పమంది. నేను బయటికి వచ్చేశాను. రెండోది చెప్పలేదు.

గుమ్మం మెట్ల మీద ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. ఆయన మేలు కోరే ఆపానని నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి మళ్లీ ఆమె ముఖం మారడం చూడలేకపోయాను. చివరికి లోపలికి వెళ్లి మిగతాది కూడా చెప్పాను.

మామా నన్ను దగ్గరికి పిలిచింది. "ఇది చెప్పమని నీకెవరు చెప్పారు?" అంది.

"ఆయనే."

"అయితే యల్లా, కానివ్వు, రేపు వేళకు రమ్మను."

ఆయన ఇంకా నాలుగేళ్లు ఆ ఇంట్లో పాఠాలు చెప్పాడు. నన్ను ఒక్కసారీ తిట్టలేదు. తిట్టి ఉంటే ఆ రోజు ఎప్పుడో మరిచిపోయేవాణ్ణి. ఇప్పటికీ గోడౌనులో సరుకు నా పొరపాటున పాడైతే, మేనేజరు దగ్గరికి వెళ్లేముందు తలుపు బయట ఒక క్షణం ఆగుతాను. సగం చెప్పి వచ్చేద్దామని మనసు లాగుతుంది. కొన్నిసార్లు సగమే చెప్పి వచ్చాను కూడా. మళ్లీ లోపలికి వెళ్లడం మాత్రం ఆయన వల్లే అలవాటైంది.

మామాకు రెండూ చెప్పిన మర్నాడు అక్క దగ్గరికి వెళ్లి, చెప్పిన వాళ్లందరికీ నిజం చెప్పాలన్నాను. "నువ్వన్న మాటే గదరా నేను చెప్తి" అని కసురుకుంది. తర్వాత చున్నీ సర్దుకుని, "పద, నా నోట్లోంచి పోయిందే గదా" అని తనే ముందు నడిచింది. వీధిలో ప్రతి ఇంటి వెనక తలుపూ తట్టాం. కొందరు నవ్వారు. ఒకావిడ అసలు సంగతి ఇంత చప్పగా ఉందా అని నిరాశపడింది. చివరి ఇంట్లో డ్రైవరు మాత్రం సెలవు మీద కోనసీమ వెళ్లాడు. రెండు నెలల తర్వాత ఆయన వచ్చాడని తెలిసి పరుగెత్తాను. కారు కడుగుతున్నాడు.

"ఏ మాస్టారురా? నాకేం గుర్తు లేదు" అన్నాడు.

అయినా నిలబడి, ఆయనకు రెండూ చెప్పాను.