పచ్చ దారంతో కుట్టిన పేజీలు

చిక్కబళ్ళాపురంలో మా ఆఫీసు కింద ఈమధ్య ఒక బైండింగు అంగడి పెట్టారు. పొద్దున్నే అక్కడ మైదా గంజి ఉడుకుతుంది. పురుగు పట్టకుండా అందులో కాస్త మైలుతుత్తం వేస్తారు. ఆ వాసన మెట్లెక్కి పైకి వచ్చినప్పుడల్లా నాకు పద్మావతమ్మగారు గుర్తొస్తారు. ఆమె వెనకాలే ఆమె మీద నాకుండిన కుళ్ళు కూడా గుర్తొస్తుంది. ఇన్నేళ్ళయినా ఆ రెండూ విడివిడిగా రావు.

రెండు వేల ఏడులో నేను చింతామణిలో ఒక విత్తనాల కంపెనీ ఆఫీసులో పనిచేసేవాణ్ణి. మాది బాగేపల్లి పక్కన గూళూరు. ఆదివారం ఇంటికి పోవడం, సోమవారం మొదటి బస్సుకు తిరిగి రావడం, అంతే నా జీవితం. దానికి తోడు ఒక బ్లాగు నడిపేవాణ్ణి. మంత్రగాళ్ళు, మాయలు, ఏ పటంలోనూ కనిపించని రాజ్యాలు ఉండే ఇంగ్లీషు నవలలు చదివి వాటి మీద సమీక్షలు రాసేవాణ్ణి. ముప్పై నలభై మంది చదివేవారు. వాళ్ళలో ఒక్కరి ముఖమూ నాకు తెలియదు. అయినా ఈ చుట్టుపక్కల మూడు తాలూకాల్లో ఇలాంటి పని చేసేవాణ్ణి నేనొక్కణ్ణేనని మహా గర్వంగా ఉండేది.

ఆ పుస్తకాలు నాకు ఇచ్చింది పద్మావతమ్మగారే. చింతామణి హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరైన మనిషి. బెంగుళూరులో పాత పుస్తకాలు తూకానికి కొని తెచ్చి, వాటిని బాగుచేసి, ఇంటి ముందు గదిలో పెట్టి, అడిగినవాళ్ళకల్లా చదువుకోమని ఇచ్చేవారు. అద్దె లేదు. తిరిగి ఇచ్చేటప్పుడు ఎదురుగా నిలబడి పుస్తకం ఎట్లుందో ఒక్క మాట చెప్పాలి, అదే షరతు. చిరిగిన వాటిని తెల్ల దారంతో కుట్టేవారు. కొన్నిటికి మాత్రం చివర పచ్చ దారం ఉండేది. తెల్లది అయిపోయి ఉంటుందిలే అనుకునేవాణ్ణి. ఎవరినైనా అడిగి ఉంటే చెప్పేవాళ్ళు. కాని అంత చదివినవాణ్ణి, దారం గురించి ఒకరిని అడగడమా?

ఒకసారి ఒక లావుపాటి నవల తిరిగి ఇస్తూ, ఒక ముసలి రాజు జీవితమంతా ఒక డ్రాగన్‌ను వేటాడిన కథ గురించి ఆమెకు అరగంట ఉపన్యాసం ఇచ్చాను. ఓపికగా అంతా విన్నారు.

“ఆ రాజుకి డ్రాగన్ అంటే భయంలేదప్పా శేఖరా. అది సచ్చిపోతే ఇంక తనకి పనేముంటాదని భయం” అన్నారు.

అంతే. నేను అరగంటలో పట్టుకోలేనిది ఆమె గంజి కలుపుతూ చెప్పేశారు. ఆ మాటనే ఇంగ్లీషులో నా మాటగా బ్లాగులో రాసుకున్నాను. అంతకుముందు ఏ సమీక్షకూ రానన్ని మెచ్చుకోళ్ళు దానికి వచ్చాయి. అవి చదువుతుంటే సంతోషం కలగలేదు, కడుపు మండింది. వాళ్ళు మెచ్చుకున్నది ఆమెను. ఊళ్ళోనూ అదే వరస. కాలేజీ పిల్లలు, పట్టుగూళ్ళ వ్యాపారి, చివరికి మా ఆఫీసు మేనేజరు కూడా, “పద్మావతమ్మ బాగుండాదంటే చాలు, చదివేస్తా” అనేవారు. సమీక్షకుణ్ణి నేను, మాట చెల్లేది ఆమెది. కళ్ళలో నిప్పులు పోసుకునేవాణ్ణి. అయినా వారం తిరిగేసరికి మళ్ళీ ఆమె గడపలోనే నిలబడేవాణ్ణి. పుస్తకాలు ఇంకెక్కడ దొరుకుతాయి?

అప్పుడే వాన పుస్తకం చేతికొచ్చింది. ఒక మంత్రగాడు దేశంలోని వాననంతా తన కోటలో దాచి తాళం వేసుకుంటాడు. దాన్ని అడగడానికి ఒక పిల్ల బయల్దేరుతుంది. కథ మామూలుదే. చివరి ఆరు పేజీలు మాత్రం నన్ను కూర్చోనివ్వలేదు. పిల్ల తాళం తీయిస్తుంది, వాన బయటికి పోతుంది. అందరూ సంబరంగా వెళ్ళిపోతుంటే ఆమె వెనక్కి వచ్చి, ఒక కడవ నిండా వాన పట్టి మంత్రగాడి గుమ్మం దగ్గర పెట్టి పోతుంది. ఆ పేజీలు జెరాక్స్ కాగితాల్లా ఉన్నాయి. పోయిన పేజీలను వేరే ప్రతి నుంచి తీసి కలిపారనుకున్నాను. ఆ గదిలో అది మామూలే. పద్మావతమ్మగారి ఇంటి పక్కనే ఉన్న నాగరాజు సైబర్ సెంటర్లో కూర్చుని, ఇంత గొప్ప ముగింపు నేనెప్పుడూ చదవలేదని, అది రాసిన చేతిని చూస్తే అసూయగా ఉందని రాసి పెట్టాను.

వారానికి బెంగుళూరు పాఠకుడొకడు కింద రాశాడు. “మీరు చదివింది ఏ పుస్తకం? నా దగ్గరున్న దాంట్లో ఆ పిల్ల మంత్రగాణ్ణి కత్తితో పొడిచి రాణి అవుతుంది. కడవ ఎక్కడిది?” అతని వెనకాల ఇంకో ముగ్గురు చేరి నవ్వారు. పుస్తకం చదవకుండానే రాస్తాడన్నారు. పుస్తకం పట్టుకుని పక్కింటికి పరుగెత్తాను.

“ఈ చివరి పేజీలు యాడివమ్మా?”

ఆమె ఒక అట్టకు గంజి పూస్తున్నారు. “పచ్చ దారం చూడలేదా నువ్వు? అవి నావేనప్పా. ఆ పుస్తకం కొనేటప్పుడే తోక తెగిపోయి ఉండాది. ఆ పిల్లని మంత్రగాని ముందర నిలబెట్టి కథ ఆపేస్తే చదివేవాళ్ళకి ఎట్లుంటాది? అందుకని నేనే రాసి, నాగరాజుతో టైపు చేపిచ్చి కుట్టినా. తెల్ల దారమైతే పుస్తకం రాసినోళ్ళది. పచ్చదైతే నాది. ఈడికొచ్చే వాళ్ళందరికీ తెలుసును గదా.”

అందరికీ తెలుసు, నాకు తప్ప. నేను అసూయపడ్డ చెయ్యి ఎక్కడో సముద్రాల అవతల ఉందనుకున్నాను. అది నా ముందే, గంజి అంటుకుని ఉంది. సముద్రాల అవతలి వాడి మీద అసూయపడటం సుఖం, పక్కింటి మనిషి మీద అది భరించలేం.

“వాడికి కడవ ఎందుకిచ్చిందమ్మా ఆ పిల్ల?” అన్నాను, తప్పు పట్టాలనే.

“దాచిపెట్టుకున్నోడికి కూడా దప్పికయితాది గదప్పా” అన్నారు. తరువాత ఆమె చేతిలో కుంచె ఆగింది. “బాగుండాదా? నువ్వు శానా చదివినోడివి, చెప్పు.”

నేను బ్లాగులో రాసిన మాటలన్నీ నాలుక మీదే ఉన్నాయి. ఒక్కటీ బయటికి రానివ్వలేదు.

“ఏదో, పర్వాలేదమ్మా” అన్నాను.

ఆమె తలాడించి మళ్ళీ గంజి పూయడంలో పడ్డారు. నేను సైబర్ సెంటర్‌కి పోయి ఆ సమీక్షను తీసేశాను. ఆ ముగింపు ఎవరిదో నలుగురికీ చెప్పి ఉంటే నా పరువూ నిలబడేది, ఆమె పేరూ తెలిసేది. ఆమె పేరు తెలియడం కంటే నా పరువు పోవడమే నయమనిపించింది. కొన్నాళ్ళకు బ్లాగూ మూసేశాను.

రెండేళ్ళకు ఆమె పోయారు. ఆమె చెల్లెలు చదివేవాళ్ళందరినీ పిలిచి తలా ఒక పుస్తకం తీసుకోమన్నారు. నేను వాన పుస్తకం తీసుకున్నాను. అక్కడే విప్పి చూస్తే పచ్చ దారం పేజీల తరువాత ఇంకో రెండు కాగితాలు కుట్టి ఉన్నాయి. నేను తీసేసిన సమీక్ష.

పక్కనే నిలబడిన నాగరాజు చూసి, “ఆయమ్మ నువ్వు రాసేవన్నీ శనివారం శనివారం ప్రింటు తీపిచ్చుకొనేది. నీకు తెలీదా?” అన్నాడు.

అంటే డ్రాగన్ మాట నేను దొంగిలించింది కూడా ఆమె చదివారు. బాగుండాదా అని అడిగిన రోజుకు ఈ కాగితాలు ఆమె ఇంట్లోనే ఉన్నాయి. అన్నీ తెలిసే, నా నోటితో ఒక్క మాట వినాలని అడిగారు.

ఆ కాగితాలను తెల్ల దారంతో కుట్టారు, పుస్తకం రాసినోళ్ళకు వాడే దారంతో.

ఇప్పుడు మళ్ళీ బ్లాగు రాస్తున్నాను. మొదట పెట్టింది ఆ సమీక్షనే, ఆమె పేరుతో సహా. నా కుళ్ళు పోయిందని చెప్పను. ఎవరైనా ఒక మంచి వాక్యం రాస్తే ఇప్పటికీ ముందు కడుపే మండుతుంది. ఆ మంట ఆరేదాకా ఆగను. అదే రోజు, మండుతుండగానే, బాగుందని వాళ్ళకు రాసి పంపిస్తాను.