మా నాయిన అడిగిన మిల్ట్రీ మోటారు

పడవ మోటారు పైమూత ఊడదీయగానే ఒక వాసన వస్తుంది. పెట్రోలు, కాలిన ఆయిలు, లోపలి సందుల్లో ఎండిన నాచు, ఈ మూడూ కలిసిన వాసన. ఈ రోజు పొద్దున దుకాణంలో ఒక పాత మోటారు మూత తీశాను. ఆ వాసన ముఖానికి కొట్టిందో లేదో నా చెవులు కాలడం మొదలుపెట్టాయి. పాత సంగతులు గుర్తొస్తే చాలామందికి కళ్ళు తడుస్తాయట. నాకు మాత్రం చెవులు కాలతాయి. సిగ్గేస్తే మా అమ్మకూ అంతే, ఆమె పోలికే వచ్చింది నాకు. ఎదురుగా కూర్చున్న మెకానిక్ కుర్రాడు "ఏమైందక్కా, ఎండ దెబ్బనా?" అని అడిగాడు. ఎండా లేదు, ఏమీ లేదు. సాయిలు సారు గుర్తొచ్చారు. ఆయన వెనకాలే మా నాయిన కూడా గుర్తొచ్చాడు.

ఆత్మకూరులో ఈ దుకాణం పెట్టింది సాయిలు సారే. మిలిటరీలో ఉన్నన్నాళ్ళూ నదుల మీద పడవలు నడిపారట, సైన్యం దాటడానికి వంతెనలు కట్టేచోట. రిటైరై ఊరికొచ్చాక, తెలంగాణ వచ్చిన కొత్తలో, మా కృష్ణ ఒడ్డున చేపల సంఘాలు మోటారు పడవలు కొనడం మొదలైంది. పడవ వెనక చెక్కకు తగిలించే మోటార్లు అమ్ముతూ, బాగుచేస్తూ ఈయన దుకాణం తెరిచారు. ఊళ్ళో అందరికీ ఆయన మిల్ట్రీ సాయిలు. నేను పది పాసై, ఇంటరు మధ్యలో మానేసి, బిల్లులు రాసే పనికి వచ్చాను. వచ్చిన రోజే, కుర్చీలో సరిగ్గా కూర్చోకముందే మా ఊరి సంగతులన్నీ చెప్పేశాను. అంతా విని, "నోరు మంచిగున్నది. చెవులు గూడ గట్లనే ఉంటే పనికొస్తవు" అన్నారు. చెవుల సంగతి అప్పుడు నాకు అర్థం కాలేదు.

ఆయన బూట్లు ఎప్పుడూ తళతళలాడేవి. ఎంత బురదలో తిరిగొచ్చినా ముందు బూట్లు తుడుచుకున్నాకే టీ. కొనడానికి వచ్చిన చేపలవాళ్ళు మాత్రం ఆఫీసు ముందర విడిచినట్టు మెట్టు మీద చెప్పులు విడిచి లోపలికి వచ్చేవాళ్ళు. ఎవరూ విడవమనలేదు. వేసుకొని రమ్మని కూడా ఎవరూ చెప్పలేదు. నిజం చెప్పాలంటే ఆ చెప్పుల వరుస చూస్తే నాకు భలే గొప్పగా ఉండేది, నేనేదో పెద్ద ఆఫీసులో పనిచేస్తున్నట్టు.

కంపెనీల పేర్లు మా వాళ్ళ నోళ్ళకు తిరగవు. మూత రంగును బట్టి నల్లది, నీలంది, బూడిదది అంటారు. వచ్చినవాళ్ళంతా మొదట అడిగేది ఒకటే, ఏ కంపెనీది మంచిదని. సారు వెంటనే "దేనికి?" అనేవారు. వానాకాలం ముందు ఒకసారి, వరదల్లో జనాన్ని ఒడ్డుకు చేర్చే మిలిటరీ దళం నుంచి ఒక ఆఫీసరు వచ్చారు. అన్నిటికంటే వేగంగా పోయేది కావాలన్నారు. వేగంలో నల్లదే ముందు, ధర కూడా ఎక్కువే. నేను బిల్లు పుస్తకం తెరవబోయాను. సారు ఆగమని, మీ పడవలకు ఇప్పుడు ఏది ఉందని ఆయన్ను అడిగారు. అన్నిటికీ నీలమేనని తెలిశాక, కొత్తవి కూడా నీలమే తీసుకోమన్నారు. నడి వరదలో ఒకటి చెడితే పక్క పడవలోని సామానుతో బాగుచేయాలి కదా, రెండు కంపెనీలు కలిస్తే ఒకదాని సామాను ఇంకోదానికి పట్టదు. పైగా నిండా మనుషులతో గట్టిగా ఉరికించడానికే నీలంది పుట్టిందట. యాత్రికులను తిప్పే లాంచీ అతను వస్తే మాత్రం చప్పుడు తక్కువని బూడిదది ఇచ్చారు.

వీటన్నిటికీ మించి ఆయనకో నియమం ఉండేది. కొనేవాళ్ళ పడవ తాను ఎక్కి, వాళ్ళు రోజూ పోయేదారిన పోయి, తిరిగొచ్చాకే బిల్లు. "నీళ్ళ మీద కూసున్నంకనే కాయిదం" అనేవారు.

ఆ నియమం తప్పింది మా ఊరివాళ్ళ దగ్గరే.

ఆ ఏడు వరదల్లో మా ఊరి ముందునుంచి ఆ మిలిటరీ పడవలు దూసుకుపోతుంటే మా నాయిన ఒడ్డున నిలబడి చూశాడు. నీళ్ళు తగ్గాక సంఘంలోని నలుగురిని వెంటబెట్టుకుని దుకాణానికి వచ్చాడు. అందరిలోకీ ముందు నడుస్తూ, "మా అనిత పనిజేసే దుకాణమే" అని మెట్టు కిందనుంచే చెబుతున్నాడు. లోపలికొచ్చి, "సారూ, మీ మిల్ట్రీ మోటారే మాకు గావాలె" అన్నాడు. 'మీ మిల్ట్రీ' అన్న ఆ మాటకు సారు ముఖం వెలిగిపోయింది. మిలిటరీలో నీలంది ఎన్ని రకాల నీళ్ళు తాగిందో, ఎక్కడా ఎలా మొరాయించలేదో చెప్పడం మొదలుపెడితే టీలు చల్లారిపోయాయి. చివరికి నన్ను బిల్లు రాయమన్నారు. పడవ చూడరా సార్ అని అడిగాను. "నీ ఊరే గదనే. మనోళ్ళకేం పరీక్ష" అన్నారు. మనోళ్ళు అన్నందుకు నేను పొంగిపోయి, ఎన్నడూ లేనంత గుండ్రంగా అక్షరాలు రాశాను.

మా వాళ్ళ పడవలు లోతు లేనివి. వల లాగుతూ పొద్దంతా మెల్లగా పోవాలి. ఉరకడానికి పుట్టిన మోటారు ఆ నడకకు పొగలు కక్కేది, లోపల మసి పట్టేది, ఆగిపోయేది. మోటారు స్టార్టు చేసే తాడు లాగీ లాగీ నాయిన భుజం వాచింది. అయినా ఇంట్లో ఎవరూ నాకు చెప్పలేదు. మిల్ట్రీది చెడిపోతుందా, తమకే చేతకావడం లేదని అనుకున్నారు.

మరుసటి వానాకాలం, పై నుంచి నీళ్ళొస్తున్నాయని ప్రాజెక్టు గేట్లు ఎత్తారు. వల లాగుతూ తిరిగి వస్తుండగా నాయిన మోటారు ఆగిపోయింది. పడవలో అమ్మ కూడా ఉంది. నీళ్ళు పడవను గేట్ల వైపు లాగడం మొదలుపెట్టాయి. వెనక వస్తున్నవాళ్ళు తాడు విసిరితే అమ్మ అరచేతికి చుట్టుకుని పట్టుకుంది. వలను కోసి నీళ్ళలో వదిలేశారు. పడవ ఒడ్డుకు చేరింది కానీ అమ్మ అరచేతి తోలు ఆ తాడుతోనే పోయింది. పాలమూరు దవాఖానలో కట్టు కట్టించుకుని, ఆ తర్వాత ఇద్దరూ తిన్నగా దుకాణానికి వచ్చారు.

మెట్టు మీద చెప్పులు విడిచారు. అమ్మ ఒక చేత్తో రెండో చేతిని పట్టుకుని ఉంది. ఈసారి నాయిన లోపలికి రాలేదు. దుకాణంలో ఇద్దరు ముగ్గురు కొనేవాళ్ళు ఉన్నారు. వాళ్ళందరి ముందూ గడప అవతలే నిలబడి, "సారూ, మోటారు మంచిదే. మాకే నడపరాలె. కోపం జేయకు. పిల్లను పనిలకెల్లి తీయకు" అన్నాడు.

నా చెవులు భగ్గుమన్నాయి. మా నాయిన అలా వంగి నిలబడినందుకు, అదీ కొనేవాళ్ళ ముందు, నాకు చచ్చేంత సిగ్గేసింది. ముఖం అటు తిప్పి, అలమారలో ఏదో సామాను వెతుకుతున్నట్టు నిలబడ్డాను. అమ్మ చేతి కట్టు కనిపిస్తూనే ఉంది. అయినా తిరగలేదు.

సారు లేచి గడప దగ్గరికి వెళ్ళారు. అమ్మను చెయ్యి చూపించమన్నారు. చాలాసేపు చూశారు. తర్వాత చిన్న గొంతుతో అడిగారు.

"వల గుంజేటప్పుడు ఎంత మెల్లగ పోతరమ్మా?"

"మనిషి నడిసినంత సారూ. జోరుగ పోతే వల చినుగుతది గద."

సారు ఆ గడప మీదే కూర్చుండిపోయారు. "గీ మాట నేను ముందుగాల అడగాలె" అని మాత్రం అన్నారు.

తెల్లారి నన్ను జీపులో ఎక్కించుకుని మా ఊరి ఒడ్డుకు వచ్చారు. పడవల దగ్గర అందరి చెప్పులూ ఒకచోట విడిచి ఉన్నాయి. ఆయన తన బూట్లు విప్పి వాటి పక్కన పెట్టి, బురదలోకి దిగారు. సంఘంవాళ్ళంతా చేరాక, ఏమీ దాచకుండా చెప్పారు. "తప్పు మోటారుది గాదు, మీది గాదు. మిల్ట్రీ అనంగనే నాకు నెత్తికెక్కింది. మీ పడవ ఎక్కకుండనే అమ్మిన."

అందరూ నేల చూపులు చూశారు. అంత పెద్దమనిషి అలా అంటుంటే వినడం వాళ్ళకే కష్టంగా ఉంది.

"గట్లనకు సారూ, పెద్దమనిషివి" అన్నాడు నాయిన.

"గందుకే అంటున్న. అననియ్యి మల్లయ్యా."

అప్పుడు పడవ ఎక్కారు. పొద్దెక్కేదాకా వలల మధ్య మనిషి నడిచినంత మెల్లగా తిరిగారు. ఒక బొచ్చె చేప ఎగిరి ఒళ్ళో పడితే ఉలిక్కిపడి లేవబోయారు, పడవ ఊగింది. "లడాయిలు జేసినవంట, బొచ్చెకు బుగులుపడ్తవేంది సారూ" అని అమ్మ అనేసరికి ఒడ్డున ఉన్నవాళ్ళు కూడా నవ్వారు. ఆయనా నవ్వారు. ఆ వారమే నీలంవి వెనక్కి తీసుకుని, మెల్లగా నడిచినా మసి పట్టని బూడిదవి ఆయనే స్వయంగా బిగించారు. మా వల మాత్రం మళ్ళీ దొరకలేదు.

ఆ రోజు తిరుగు దారిలో జీపు నడుపుతూ, "మొన్న మీ నాయిన మాట్లాడుతుంటే మొకం తిప్పుకున్నవ్. సూసిన" అన్నారు.

"సిగ్గయింది సార్" అన్నాను.

"నాకూ అయింది. నీది మీ నాయినను సూసి. నాది నన్ను సూసుకొని."

కోపంతో అనలేదు. తిట్టి ఉంటే ఆ రాత్రికి మరిచిపోయేదాన్నేమో.

ఆ నీలం మోటార్లు చాలాకాలం దుకాణం ముందు భాగంలోనే ఉండిపోయాయి. లోపల పెట్టేద్దాం సార్, వచ్చినవాళ్ళంతా అడుగుతున్నారని ఎన్నిసార్లో బతిమాలాను. అడగనీ అనేవారు. అడిగిన ప్రతివాళ్ళకూ అవి ఎందుకు తిరిగొచ్చాయో మొదటినుంచీ చెప్పేవారు. ఆయన చెబుతున్నంతసేపూ నేను బిల్లు పుస్తకంలోకి చూసేదాన్ని. ఆ తర్వాత ఆయన బూట్లు దుకాణం లోపల ఎన్నడూ చూడలేదు. పొద్దున రాగానే మెట్టు మీద, చేపలవాళ్ళ చెప్పుల వరుసలోనే విడిచేవారు. వాళ్ళు మొదట బెదిరారు, తర్వాత అలవాటుపడ్డారు.

సారు పోయాక వాళ్ళ ఇంటివాళ్ళు దుకాణం నన్నే చూసుకోమన్నారు. నాయిన అప్పుడప్పుడు వస్తాడు, లోపలికొచ్చి కుర్చీలో కూర్చుంటాడు. ఆ రోజు నేను ముఖం తిప్పుకున్నది ఆయన చూశాడా అని ఇప్పటికీ అడగలేదు. చూశాననే అంటాడేమోనని భయం.

పొద్దున ఆ పాత మోటారు మూత బిగిస్తుండగా ఎగువ ఊరినుంచి ఒకామె వచ్చింది. మెట్టు మీద నా చెప్పుల పక్కనే తన చెప్పులు విడిచి, ఫోనులో వరద పడవ వీడియో చూపించి, గీ మిల్ట్రీది ఉన్నదా అని అడిగింది. ఉంది. కొత్తది, పెట్టె కూడా విప్పలేదు.

"వల గుంజేటప్పుడు ఎంత మెల్లగ పోతవక్కా?" అని అడిగాను.

ఆమె ఆలోచించింది. అంతవరకూ ఆమెను ఎవరూ ఆ మాట అడిగినట్టు లేదు. నా చెవులింకా కాలుతూనే ఉన్నాయి. బిల్లు పుస్తకం మూసి, మెట్టు దిగి, చెప్పులు వేసుకున్నాను.

"పా, ముందుగాల నీ పడవ ఎక్కుదాం."