కొండదారిలో ఊపిరందని ఉదయం

ఆ ఉదయం గుడారం బయట కూర్చుని బూటు లేసు కట్టుకోవడానికి వంగాను. ఊపిరందలేదు. నిటారుగా కూర్చుని, కాసేపు ఆగి మళ్లీ వంగాను. రెండో బూటు కట్టేసరికి పరుగెత్తుకొచ్చిన మనిషిలా రొప్పుతున్నాను. పొడి దగ్గు ముందురోజు నుంచే ఉంది. దారిలో గుర్రాలు లేపిన దుమ్ము వల్ల అనుకున్నాను.

మాది తెనాలి. రేపల్లెలో హైస్కూల్లో లెక్కలు చెబుతాను. రోజూ రైల్లో వెళ్లొస్తాను. మా వైపు నేలంతా చదును. ఎత్తంటే నాకు తెలిసింది స్టేషన్లో ఫుట్‌బ్రిడ్జి ఒక్కటే. అలాంటిదాన్ని హిమాచల్‌లో మనాలి దాటి, మేఘాలకంటే పైన ఉన్న ఆ గుడారాల దగ్గరికి తీసుకెళ్లింది మా శారద వదిన. బాపట్లలో హిందీ టీచరుగా రిటైరైంది. మంచుకొండల్ని దగ్గరగా చూడాలని ఆవిడ కోరిక. మోకాళ్ల నొప్పులతో మా అన్నయ్య రానంటే నేను సరేనన్నాను. నెలల తరబడి ఇద్దరం సాధన చేశాం. ఆవిడ సూర్యలంక ఇసకలో నడిచేది, నేను కాలవగట్టు మీద సంగం జాగర్లమూడి వైపు నడిచేదాన్ని. నాకు బీపీ, షుగరు లేవు. బయల్దేరే ముందు వారం పడిశం పట్టి తగ్గింది, అంతే.

ఆ దారి గురించి చెప్పాలి. కొండ పక్కన చెక్కినట్టుండే సన్నని బాట. నడిచేవాళ్లూ, లావు టైర్ల సైకిళ్ల మీద వచ్చేవాళ్లూ, గుర్రాల మీద వెళ్లేవాళ్లూ అందరూ దాని మీదే. సైకిలు మనిషికి దారివ్వాలి, మనిషీ సైకిలూ గుర్రానికి దారివ్వాలి. గుర్రం ఎదురైతే కొండ వైపు ఒదిగి నిలబడాలి, లోయ వైపు పొరపాటున కూడా నిలబడొద్దని మా గైడు తాషీ మొదటిరోజే గట్టిగా చెప్పాడు. గంటల చప్పుడు వినపడగానే మేం కొండకు వీపు ఆనించి నిలబడేవాళ్లం. గుర్రం పక్కనుంచి వెళ్తుంటే దాని ఒంటి వేడి మొహానికి తగిలేది. అది వెళ్లిపోగానే ఎదురుగా మళ్లీ ఆ తెల్లని శిఖరాలు. మొదటిసారి వాటిని చూసినప్పుడు వదిన నడక ఆపేసింది. ఆవిడ నా చెయ్యి పట్టుకుని నిలబడింది.

ఆ ఉదయం కూడా నా చెయ్యి పట్టుకుంది. "ఏంటే రాధా, గోళ్లు ఇలా నీలంగా ఉన్నాయేంటి?" అంది.

"చలికి... వదినా. ఏం... లేదులే."

"ఒక్క మాట తిన్నగా అనలేకపోతున్నావు. ఏం లేకపోవడమేంటి?"

తాషీని కేకేసింది. అతను నా వేలికి ఆక్సిమీటరు పెట్టాడు. అరవై ఎనిమిది చూపించింది. వేలు రుద్ది మళ్లీ పెట్టాడు. అంతే వచ్చింది. తన వేలికి పెట్టుకుంటే తొంభై. అతని మొహంలో నవ్వు పోయింది. నా వీపుకి చెవి ఆనించి విని, వదినతో హిందీలో ఏదో చెప్పాడు.

"ఇప్పుడే కిందికి దిగిపోవాలంట. నువ్వు మాత్రం నడవకూడదంట. నడిస్తే ఇంకా ఎక్కువవుతుందంట" అంది వదిన.

"ఒక్క పూట... పడుకుంటే..."

"నోరు మూసుకో తల్లీ. నీకు దణ్ణం పెడతాను."

ఆవిడ నన్నలా బతిమాలడం నేనెప్పుడూ వినలేదు. అప్పుడు నాకు భయమేసింది.

పక్క గుడారాల్లో అరవై దాటిన ఒక మరాఠీ ఆవిడ ఉన్నారు. నడవలేక గుర్రం మీద వచ్చారు. సంగతి తెలియగానే వచ్చి, తాషీతో ఒకే మాటన్నారు. "నా గుర్రం తీసుకెళ్లండి. అది తిరిగొచ్చేదాకా నేనిక్కడే కూర్చుంటాను." తన శాలువా తీసి నాకు కప్పారు. పూణే నుంచి వచ్చిన ముగ్గురు సైకిళ్లవాళ్లలో మేఘ అనే అమ్మాయి అప్పటికే హెల్మెట్ పెట్టుకుంటోంది. పైన ఫోను సిగ్నలు లేదు. రోడ్డు దగ్గరికి వెళ్లి జీపునీ ఆక్సిజన్ సిలిండర్నీ సిద్ధం చేయిస్తానంది.

"ఆంటీ, మీరు వచ్చేసరికి అవి అక్కడ ఉంటాయి" అని ఇంగ్లీషులో చెప్పి దిగిపోయింది. మలుపు తిరిగేదాకా ఆమె ఎర్ర జాకెట్టు కనిపించింది.

నన్ను గుర్రం మీద కూర్చోబెట్టారు. గుర్రం మనిషి ముందు కళ్లెం పట్టుకున్నాడు. నేను పక్కకి ఒరిగిపోకుండా తాషీ నా నడుముకి చెయ్యి వేసి నడిచాడు. వెనక వదిన. దగ్గినప్పుడు నోట్లో గులాబీ రంగు నురగ వచ్చింది. రుమాల్లో దాచబోయాను. తాషీ చూశాడు. గుర్రాన్ని అదిలించమన్నాడు.

ఆ దిగడంలో నేను చూసింది ఇప్పటికీ నమ్మలేను. మేఘ దిగుతూ ఎదురైన ప్రతివాళ్లకీ చెప్పుకుంటూ వెళ్లింది. మేం వచ్చేసరికి దారి పొడుగునా మనుషులు కొండ వైపు ఒదిగి నిలబడి ఉన్నారు. సైకిళ్లవాళ్లు సైకిళ్లను భుజాన ఎత్తి పట్టుకున్నారు. సామాను కంచర గాడిదల్ని నడిపేవాళ్లు వాటి మొహాలు కొండ వైపు తిప్పి, మెడ గంటలు మోగకుండా చేతుల్తో పట్టుకున్నారు, మా గుర్రం బెదరకూడదని. ఒక బెంగాలీ కుటుంబం మొత్తం చేతులు జోడించింది. గుర్రం డెక్కల చప్పుడు, నా ఛాతీలో బుడబుడ చప్పుడు, అంతే. ఎదురుగా ఆ శిఖరాలు ఎండలో మెరుస్తున్నాయి. చచ్చిపోతానేమో అన్న భయంలోనూ, వాటిని చూసి కళ్లు తిప్పుకోలేకపోయాను. వాటి ముందు మనిషి ఎంత చిన్నదో తెలిసింది. అంత చిన్న మనుషులే నన్ను దాటిస్తున్నారని కూడా తెలిసింది.

రోడ్డు కనిపించేసరికి అంత కిందికి దిగినందుకే ఊపిరి కొంచెం అందుతోంది. జీపు ఉంది. సిలిండరు ఉంది. మాస్కు పట్టుకుని మేఘ నిలబడి ఉంది. మోచెయ్యి గీరుకుపోయి రక్తం కారుతోంది. దారిలో పడిందట. అడిగితే నవ్వింది.

మనాలి హాస్పిటల్లో డ్యూటీ డాక్టరు చిన్న వయసావిడ. చెస్ట్ ఎక్స్‌రే తీయించి వెలుతురుకి పట్టి వదినకు చూపించారు. "హేప్. హై ఆల్టిట్యూడ్ పల్మనరీ ఎడీమా. గాలి ఉండాల్సిన చోట నీరు చేరింది. ఇంకో రాత్రి పైనే ఉంచి ఉంటే నా దగ్గరికి తెచ్చేవారు కాదు" అన్నారు. నాకు ఆక్సిజన్ పెట్టి, ఊపిరితిత్తుల్లో రక్తపు ఒత్తిడి తగ్గించే నిఫెడిపిన్ మందు మొదలుపెట్టారు.

మర్నాడు బాగుందనిపించి, మాస్కు తీసేసి బాత్రూమ్ దాకా నడిచాను. తలుపు దగ్గరే కూలిపోయాను. రక్తంలో ఆక్సిజన్ మళ్లీ పడిపోయింది. ఇంకో ఎక్స్‌రే, మరికొన్ని రోజులు మంచం. "ఊపిరితిత్తులు ఆరడానికి వాటి టైము వాటికివ్వండి మేడమ్" అన్నారు డాక్టరు.

తెనాలి చేరాక అంతా అయిపోయిందనుకున్నాను. సెలవు అయ్యి స్కూలుకి బయల్దేరిన రోజు ఫుట్‌బ్రిడ్జి సగం మెట్ల మీద ఆయాసం వచ్చి కూర్చుండిపోయాను. నేను ఎక్కాల్సిన రేపల్లె రైలు నా కళ్ల ముందే వెళ్లిపోయింది. కొలకలూరు నుంచి కూరగాయలు తెచ్చే ఒకావిడ గంప దించి, "ఏంటమ్మా, కాసిని నీళ్లు తాగుతావా?" అంటూ పక్కన కూర్చుంది. కొండ మీద రాని ఏడుపు అక్కడొచ్చింది.

గుంటూరులో పల్మనాలజిస్టు సీటీ, టూడీ ఎకో చేయించారు. "గుండె బాగుందండి. నీరు కూడా పోయింది. ఒళ్లు నీరసించింది, భయం మిగిలింది, అంతే. వెళ్లేముందు ఏమైనా జబ్బు చేసిందా?" అని అడిగారు.

"పడిశం పట్టిందండి. తగ్గాకే వెళ్లాం."

"అదీ ఒక కారణం అయ్యుండొచ్చండి. కాకపోయినా కొందరి ఊపిరితిత్తులు ఎత్తు తట్టుకోలేవు. మీరెంత నడిచారన్నదానితో సంబంధం లేదు. ఒకసారి వచ్చినవాళ్లకి మళ్లీ రావచ్చు. అంత ఎత్తుకి ఇక నన్నడక్కుండా వెళ్లకండి." బ్రీతింగ్ ఎక్సర్‌సైజులు రాసిచ్చారు. రోజూ కాస్త కాస్త దూరం పెంచుతూ నడవమన్నారు.

అలాగే నడిచాను. ఇప్పుడు రోజూ స్కూలుకి వెళ్తున్నాను. క్లాసులో గొంతెత్తి చెప్పగలుగుతున్నాను. ఆదివారాలు బాపట్ల వెళ్తే వదినతో కలిసి సముద్రం ఒడ్డున నడుస్తాను. అలల పక్కన నిలబడి గుండె నిండా గాలి పీల్చుకున్నప్పుడల్లా ఆశ్చర్యంగానే ఉంటుంది, ఇంత పెద్ద పని ఒంట్లో ఇంత నిశ్శబ్దంగా ఎలా జరిగిపోతోందా అని. మేఘ అప్పుడప్పుడూ ఫోన్ చేస్తుంది. ఈ చలికాలం మా ఊరు రమ్మన్నాం.

కొండలకు వెళ్లే మీ అందరికీ ఒక్క మాట. పైన ఉండగా, ఊరికే కూర్చున్నా ఆయాసం వస్తుంటే ఇంకో పూట చూద్దామనుకోకండి. వెంటనే దిగండి. గుర్రమో, స్ట్రెచరో, మనుషుల భుజాలో ఏది దొరికితే దాని మీద దిగండి. వచ్చిందేమిటో తేల్చుకునే పని కిందికొచ్చాక.