కాణిపాకం దాకా వెళ్లిన వారంటీ

మా బావ మునిశేఖర్‌కు స్టీరింగ్ ముందు తప్ప ఇంకెక్కడా ఏ నిర్ణయమూ చేతకాదు. భాకరాపేట ఘాట్‌లో మలుపు తిరగ్గానే బస్సు ఎదురైతే ఎక్కడ ఆగాలో, ఎంత పక్కకు జరగాలో ఆయన చేతులకే తెలుసు. అదే మనిషిని చొక్కా గుడ్డ తెచ్చుకోమంటే రెండు రకాలు పట్టుకొచ్చి, ఏది కుట్టాలో నువ్వే చెప్పు పంకజా అంటూ నా మిషను ముందు కూలబడతాడు. నాకేమో ఓపిక తక్కువ. పుత్తూరులో మా అక్క లోకేశ్వరి ఇంటికి రెండిళ్ల అవతలే నా కుట్టు దుకాణం ఉండటం నేను చేసుకున్న పాపం.

పెళ్లికి ముందునుంచీ ఆయన ఒకే షావుకారు దగ్గర ఒకే లారీ నడిపాడు. మామిడికాయల కాలంలో మామిడికాయలు, లేనప్పుడు బెల్లం, ఇటుకలు. ఆ లారీని షావుకారు పోయినేడు అమ్మేశాడు. మాటమాత్రమైనా చెప్పలేదు. పొద్దున్నే డ్యూటీకి వెళ్తే షెడ్డు ఖాళీగా ఉందట. బావ ఇంటికొచ్చి అన్నం కూడా తినకుండా గోడవైపు తిరిగి పడుకున్నాడు. యాభైకి దగ్గర పడ్డవాడికి కొత్తగా డ్రైవరు పని ఎవరిస్తారు? ఇంకొకరి బండి తోలింది చాలు, మనదే ఒకటి కొందాం అని అక్క ఆ మధ్యాహ్నమే తేల్చేసింది. పాడి ఆవులను అమ్మింది. వాటిని తోలుకుపోతుంటే లోపలికెళ్లి తలుపు వేసుకుంది. కాబట్టి కొనే బండి మొండికేస్తే మా అక్కకు ఇక ఆవులూ లేవు, లారీ లేదు, అంతే.

చిత్తూరులో సెకండ్ హ్యాండ్ లారీలు అమ్మే ఒకచోట నీలం క్యాబిన్ బండి బావకు నచ్చింది. స్టార్ట్ చేసి, చెవి పెట్టి విని, తల ఊపాడు. అంతవరకూ బాగానే ఉంది. అక్కడ అమ్మకాలు చూసే చక్రధర్ అప్పుడు వారంటీ మాట ఎత్తాడు. పెళ్లాం పిల్లలున్న మనిషి, నిదానంగా మాట్లాడతాడు. రెండేళ్లలో ఇంజనుకుగానీ గేర్‌బాక్సుకుగానీ ఏమొచ్చినా ఖర్చంతా తమదేనన్నాడు. షరతు ఒక్కటే. రెండేళ్లూ వాళ్ల షెడ్డు మనిషి తప్ప ఇంకెవరూ ఇంజను ముట్టకూడదు, బయట ఒక్క బోల్టు విప్పినా వారంటీ పోయినట్టే. దానికి కట్టాల్సిన డబ్బు, మేము ముందు చక్రాల టైర్ల కోసం దాచిన డబ్బు సరిగ్గా ఒకటే. అరిగిన టైర్లతో వారంటీయా, వారంటీ లేకుండా కొత్త టైర్లా? శుక్రవారం బండి తీసుకునే లోపల చెప్పమన్నాడు.

ఇక చూడండి మా అవస్థ. బావ కనిపించినవాళ్లనందరినీ అడగడం మొదలుపెట్టాడు. మెకానిక్ ఆదిమూలం వద్దే వద్దన్నాడు. బావకు అనుమానమొచ్చింది, తన దగ్గరికి బండి రాదని కాబోలు వద్దంటున్నాడని. వ్యాను నడిపే జయరావు తప్పకుండా తీసుకోమన్నాడు, తనూ తీసుకున్నాడట. ఏమైనా లాభం కనిపించిందా అంటే, బండి ఎప్పుడూ చెడిపోలేదు అన్నాడు. అయితే కట్టింది దండగేనా అంటే, చెడిపోలేదు కాబట్టి సుఖమే కదా అన్నాడు. బావ నేరుగా నా దుకాణానికి వచ్చాడు.

"వారంటీ కట్టినంక దుడ్డు దండగ గాకుండా ఉండాలంటే, మన బండి చెడిపోవాలని మనమే మొక్కుకోవాల్నా పంకజా?"

నేను మిషను తొక్కుతూనే ఉన్నాను. ఆయన మళ్లీ అందుకున్నాడు. ఇంజను బాగుంటే వారంటీ ఎందుకట, బాగలేకపోతే అసలు బండే ఎందుకట. అది వింటూ వింటూ నేను ఎవరిదో జాకెట్‌కు కుడి చెయ్యి ఎడమవైపు కుట్టేశాను. విప్పుకుంటూ ఆయన్ని నోటికొచ్చినట్టు తిట్టాను. పాపం, నవ్వేసి వెళ్లిపోయాడు.

గురువారం పొద్దున మొహం వెలిగిపోతూ వచ్చాడు. "ఆ చక్రధర్‌ను కాణిపాకం పిల్సకపోదాం. ఇంజను బాగుండాదని సామి ముందర ప్రమాణం చేస్తే మనకు వారంటీ అక్కర్లే. చెయ్యకపోతే బండే అక్కర్లే."

మా వైపు గట్టు జరిపారన్నా, నగ పోయిందన్నా, ఎటూ తేలని తగాదా చివరికి కాణిపాకమే చేరుతుంది. తల తడుపుకుని వినాయకుడి ముందు చేసే ప్రమాణమంటే ఎంత మొండివాడికైనా జంకే. కానీ లారీ ఇంజనుకు ప్రమాణం అడిగిన మనిషి మా బావ ఒక్కడే అయ్యుంటాడు. నాకు సిగ్గుతో తల తీసేసినట్టయింది. అక్కనూ వెంటబెట్టుకుని చిత్తూరు వెళ్లి అడిగితే చక్రధర్ మాత్రం నవ్వలేదు. కాసేపు ఆలోచించి, సరే పదండన్నాడు. మేము బస్సెక్కితే తను బైకు మీద వచ్చాడు.

గుడి దగ్గర కుళాయి కింద బావ తల తడుపుకున్నాడు. చక్రధర్ కూడా తడుపుకున్నాడు. లోపలికి అడుగు పెట్టబోతూ ఆగిపోయాడు.

"అన్నా, ఆ ఇంజను నేను ఇప్పి సూళ్లేదు. సూడందానికి సామి ముందర ఎట్ల ప్రమాణం చేసేది? చెడిపోతే మేము బాగుచేసిస్తామని చేస్తాను. నాకు తెలిసింది అదొక్కటే."

బావ నావైపు చూశాడు. నేను బావవైపు చూశాను. ఇప్పుడు ఇంజను బాగున్నట్టా, లేనట్టా? ప్రమాణానికి వెనకాడాడంటే అనుమానించాలి. అబద్ధానికి వెనకాడాడంటే నమ్మాలి. నమ్మితే వారంటీ తీసుకోవాలి. నా తల తిరిగిపోయింది. ఇంటికి పోదాం పదండని అరవబోయాను.

పొద్దుటినుంచీ నోరు విప్పని అక్క అప్పుడు చక్రధర్ వైపు చెయ్యి చూపి బావతో అంది.

"ఆయప్పను ఇడ్సిపెట్టు. ప్రమాణం నువ్వు చెయ్యి."

"నేనా? ఏమని?"

"రెండేండ్లు ఆ ఇంజను ముట్టనని. యాడ ఏ శబ్దమొచ్చినా, నడిరోడ్డు మీద నిల్సిపోయినా, వీళ్ల మనిషి వచ్చేదాకా చేతులు కట్టుకోని కూర్చుంటానని. చేస్తివంటే ఆ దుడ్డు నేనే కడతా."

చక్రధర్ పెట్టిన షరతు నేను విన్నాను, బావ విన్నాడు. పట్టించుకున్నది అక్క ఒక్కతే. మా ఊళ్లో ఎముకలకు కట్టు కట్టేవాళ్లు ముందు చేత్తో తడిమి చూస్తారు. బావ ఇంజనును అట్లాగే తడుముతాడు. షావుకారు లారీ అన్నేళ్లు తిరిగిందంటే ఈయన చేతుల వల్లే. పండగనాడు కూడా దాని కిందే పడుకుని ఉండేవాడు, మేము పిలిచి పిలిచి విసిగిపోయి అన్నాలు తినేసేవాళ్లం.

బావ చెయ్యి ముందుకు చాచాడు. అది సగంలోనే ఆగిపోయింది. గోళ్లలో ఎప్పటిదో నల్లటి ఆయిలు. ఆ చెయ్యినే చాలాసేపు చూసుకున్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నావల్ల కాదు లోకా. సామి ముందర అబద్ధం ఆడలేను."

"అట్లయితే టైర్లు కొను."

"మళ్ల చెడిపోతే? నీ ఆవులు..."

"చెడిపోతే నువ్వే బాగుచెయ్యి. ఊరోళ్ల బండికి అన్నేండ్లు చేసినావు. ఇంక మనదానికి చెయ్యి."

అక్క మీద నాకు ఆ క్షణంలో వచ్చినంత ప్రేమ ఎన్నడూ రాలేదు. పోయిన ఆవులు ఆమెవి, ఆ మాట అనగలిగింది కూడా ఆమే. చక్రధర్ జేబురుమాలుతో తల తుడుచుకుని, ముగ్గురికీ దండం పెట్టి, రేపు బండి కడిగించి పెడతానని వెళ్లిపోయాడు.

శుక్రవారం కొత్త టైర్ల కింద నిమ్మకాయలు తొక్కించి బయలుదేరాం. కార్వేటినగరం దాటగానే బావ బండి పక్కకు తీసి ఆపాడు. ఏదో శబ్దం వస్తోందన్నాడు. నాకైతే ఏమీ వినిపించలేదు. ఉందో లేదో, మంచిదో చెడ్డదో, ఇప్పటికీ చెప్పలేను. అక్కకు గుండె దడదడలాడుతోందని పక్కన ఆనుకుని కూర్చున్న నాకు తెలుస్తూనే ఉంది. అయినా ఆమె ఒక్క ప్రశ్న కూడా అడగకుండా, సీటు కిందనుంచి స్పానర్ల సంచి తీసి ఆయన చేతికిచ్చింది.