బాల్కనీలో కాచిన సరేసు

పోయిన వారం కొండాపూర్‌లో గిటార్లు బాగుచేసే అతను నా పాత గిటారు మెడను, అది పెట్టెకు అతికిన చోట గోటితో గీకి చూసి, "సరేసు పెట్టిన్రు మేడం, ఫికర్ జెయ్యకుండ్రి. జర ఆవిరి పడితే ఊడొస్తది. వేరే జిగురైతే పారేసుడే" అన్నాడు. నాకు అక్కడే ఉన్న స్టూలు మీద కాసేపు కూర్చోవాలనిపించింది. ఈమధ్య ఏ పనికైనా ముందు కూర్చోవాలనే అనిపిస్తోంది లెండి, మణికొండకూ మాదాపూర్‌కూ ఏళ్ళ తరబడి తిరిగిన నడుము ఇది.

తీగలు లాగీ లాగీ గిటారు మెడ లేచిపోయింది. తీగలు ఎత్తుకు లేచి, నొక్కితే వేళ్ళు కోసుకుపోతున్నాయి. అలసిపోయిన ఒంటికి మిగిలిన ఒక్క సంతోషం అదే, అదీ పోతుందేమోనన్న భయంతోనే అంత దూరం మోసుకెళ్ళాను.

మాదాపూర్‌లో ఆఫీసుల కంటే బండరాళ్ళే ఎక్కువగా ఉన్న రోజులు మీలో చాలామందికి గుర్తుండే ఉంటాయి. అప్పట్లో నేను టెస్టింగులో ఉండేదాన్ని. ఒకరు రాసిన ప్రోగ్రాములో తప్పులు వెతకడం, వాళ్ళచేత మాటలు పడడం నా పని, ఇంటికొచ్చి కాసేపు గిటారు వాయిస్తే గానీ అన్నం సయించేది కాదు. ఒక ఎండాకాలం పొద్దంతా కారులో వదిలేస్తే దాని మెడ కాస్తా ఊడి చేతికొచ్చింది. కాకినాడలో ఉద్యోగ విరమణ చేసి మా దగ్గరికొచ్చి, చదివిన పేపరే మళ్ళీ చదువుతూ పొద్దుపుచ్చుతున్న మామగారికి ప్రాణం లేచొచ్చింది. ఆయనకు వడ్రంగమంటే పిచ్చి.

మావారు రెండు ట్యూబులు కలిపి పూసే జిగురు తెచ్చి, ఇక జన్మలో ఊడదన్నారు. "ఊడకపోతే ఎలారా? తీగలు లాగుతూనే ఉంటాయి, ఎప్పటికైనా మెడ లేస్తుంది. అప్పుడు విప్పేవాడికి దారుండొద్దూ?" అంటూ మామగారు పాతబస్తీ దాకా వెళ్ళి సరేసు పలుకులు తెచ్చారు. వాటిని నానబెట్టి, వేడినీళ్ళ గిన్నెలో మరో గిన్నె పెట్టి కరిగించాలి. ఆ కంపు వంటింట్లో లేచాక అత్తగారు అదేమిటని అడిగారు. ఆయనకు అబద్ధం చేతకాదు, తోళ్ళూ ఎముకలూ ఉడికించి చేస్తారని చెప్పేశారు. ఇంకేముంది! వెల్లుల్లి కూడా గడప దాటి రాని ఇల్లు మాది. ఆవిడ పొయ్యి కడిగి, గిన్నెలు బయట పారేసి, ఆ పూట అన్నం ముట్టలేదు.

కొన్నాళ్ళు ఇంట్లో మాటల్లేవు, గిటారు మూలన పడి ఉంది. నా ముఖం చూడలేకనో ఏమో చివరికి ఆవిడే దిగివచ్చారు. బాల్కనీలో ఏం కాచుకుంటారో కాచుకోండి, స్నానం చేయకుండా మాత్రం నా వంటింట్లో అడుగు పెట్టొద్దన్నారు. సరేసు చల్లారితే గడ్డకడుతుంది, మళ్ళీ కాచాలి. మధ్యలో కాఫీ కావాలంటే మళ్ళీ స్నానం. ఆ ఆదివారం మామగారు అలా స్నానాలు చేసి చేసి జలుబు తెచ్చుకుంటే, తిడుతూ తిడుతూ మిరియాల కషాయం ఇచ్చిందీ ఆవిడే. గిటారు మళ్ళీ మోగిన సాయంత్రం వంటింటి గుమ్మంలో నిలబడి విన్నారు. దగ్గరికి మాత్రం రాలేదు.

ఇప్పుడు వాళ్ళిద్దరూ లేరు. మావారు తెల్లాపూర్‌లో సైట్ల వ్యాపారంలో పడి ఎప్పటికో ఇల్లు చేరతారు. ఫోనులో నొక్కితే భోజనం గుమ్మంలోకి వస్తుంది, ఎవరు వండారో, ఏ చేత్తో ముట్టుకున్నారో అడిగేవాళ్ళు లేరు. ఒకప్పుడు ఆ అడగడమే నాకు విసుగు. ఇప్పుడు ఆ విసుగు కోసమే ప్రాణం కొట్టుకుంటోంది.

నిన్న మళ్ళీ కొండాపూర్ వెళ్ళేసరికి గిటార్లతను మెడ విప్పి, ఆరబెట్టి, సరిచేసి ఉంచాడు. ఏ జిగురు పెట్టమంటారని అడిగాడు. నా తరవాత దీన్ని విప్పేదెవరు, వాయించేదెవరు అనిపించింది. అయినా సరేసే పెట్టమన్నాను. అతికించేటప్పుడు మెడ ఇటువైపు నేనే పట్టుకున్నాను, వేళ్ళకు అంటింది, అదే వాసన.

ఇంటికొచ్చాక దాహమేసి వంటింటి గుమ్మం దాకా వెళ్ళి ఆగిపోయాను. లోపల ఎవరూ లేరు. వెనక్కి వెళ్ళి స్నానం చేసి వచ్చి, అప్పుడు మంచినీళ్ళు తాగాను.