కీర్తనా, ఎత్తుకో

నంద్యాల నతానియేలుకు ఇద్దరూ ఆడపిల్లలే. పెద్దదానికి ప్రార్థన అని, చిన్నదానికి కీర్తన అని పేర్లు పెట్టుకున్నాడు. మూడోసారి కొడుకు పుడితే ప్రసంగం అని పెడతాడని చర్చి సంఘంలో ఎగతాళి చేసేవారు. ఆ అవకాశం రాలేదు. ఆటో నడుపుకుంటూనే ఇద్దరినీ చదివించాడు. చిన్నది నర్సింగు పూర్తి చేసి ఊరి చివర చిన్న కంటి ఆసుపత్రిలో చేరింది.

ఆ ఆసుపత్రికి ఏటా చలికాలంలో విశాఖపట్నం నుంచి డాక్టర్ శ్యాంసుందర్ తన బృందంతో వచ్చేవాడు. చుట్టుపక్కల శిబిరాలు పెట్టి, కంట్లో పొర ముదిరినవాళ్లను బస్సులో నంద్యాలకు తెచ్చి, ఉచితంగా ఆపరేషన్లు చేసి వెళ్లేవాడు.

వెనకటికి ఊరూరా తిరిగే కంటివైద్యులు ఉండేవారు. ఒక్క మన దేశంలోనే కాదు, చాలా దేశాల్లో ఉండేవారు. సూదితో పొరను కంటి లోపలికే నెట్టేసేవారు. రోగికి అప్పటికప్పుడే వెలుతురు కనిపించేది, వైద్యుడికి సంభావన ముట్టేది. ఆ కన్ను చీము పట్టే వేళకు వైద్యుడు రెండూళ్లు దాటిపోయి ఉండేవాడు. శ్యాంసుందర్ అటువంటివాడు కాడు. అయినా ఆయనా వచ్చిపోయేవాడే, ఆ సంగతి అందరికంటే ఆయనకే బాగా తెలుసు. అందుకే కొన్నేళ్లుగా తాను కత్తి పట్టడం తగ్గించి, ఇక్కడి డాక్టరమ్మ ఉషశ్రీ చేత చేయించి, తాను వెనక నిలబడేవాడు. డాక్టరమ్మ చెయ్యి కుదిరింది. ఇక ఆమె పక్కన నిలబడి పనిముట్లు అందించే మనిషి కావాలి.

నిరుడు కీర్తనను నిలబెట్టారు. చెయ్యి వణికింది. మైక్రోస్కోపు కింద ఆ కాస్త వణుకే ఊయల ఊగినట్టు కనిపిస్తుంది. పనిముట్లు కడిగే గదికి పంపేశారు. ఈ ఏడు ఆమే మళ్లీ అడిగింది.

"ఈ శిబిరం అయ్యేదాకా నిలబడు, బల్ల నీదే" అన్నాడు శ్యాంసుందర్. "నువ్వూ నిలబడలేకపోతే నేను మళ్లీ వచ్చేదాకా ఇక్కడ ఆపరేషన్లు లేవు."

ఆళ్లగడ్డ శిబిరం చర్చి హాల్లో జరిగింది. పక్క వీధిలో రాతి విగ్రహాలు చెక్కే మోత. బోర్డు మీద అక్షరం ఏదని అడిగితే, ముసలివాళ్లు చెవి దగ్గర చెయ్యి పెట్టుకొని "ఏందీ?" అనేవాళ్లు. కంటి పరీక్షో చెవి పరీక్షో తెలియకుండా పోయింది. అక్కడే హన్నమ్మ తగిలింది. ఆ సంఘంలో ఆదివారం పాట ఎత్తుకునేది ఆమే. పాస్టరు "కీర్తన ఎత్తుకోండి" అనగానే ముందు ఆమె గొంతు లేస్తుంది, వెనక మిగతావాళ్లు అందుకుంటారు. ఒక కన్ను పత్తికట్టె గుచ్చుకొని ఎప్పుడో పోయింది. మిగిలినదానికి పొర కమ్మింది.

బస్సులో హన్నమ్మ కీర్తన పక్కనే కూర్చుంది.

"మీది యాడ పాపా?"

"నంద్యాలే అవ్వా."

"నువ్వేనా కోసేది?"

"కాదవ్వా. డాక్టరమ్మ చేస్తాది. నేను సామాను అందిస్తా."

"సూసి అందీ. నాకుండేది ఒకటే కన్ను. ఇదీ పోతే నా కోడలు చెయ్యి పట్టుకొని తిప్పల్ల. దాని చెయ్యి పట్టుకునేదానికంటే గుడ్డిదాని మాదిరి కూర్చునేదే మేలు."

అన్నీ మాట్లాడింది కానీ, పేరు అడగలేదు.

ఆపరేషను బల్ల మీద హన్నమ్మ మొహమంతా పచ్చగుడ్డ కప్పారు, కంటి దగ్గర మాత్రం రంధ్రం. సూదిమందుతో కన్ను మొద్దుబారింది. పొర బయటికి వచ్చేసింది. కొత్త లెన్స్ పెట్టాలి. శ్యాంసుందర్‌కు ఈ సీమ మాటలంటే ముచ్చట. తీసుకో అనాల్సిన చోటల్లా ఎత్తుకో అంటాడు.

"కీర్తనా, ఎత్తుకో" అన్నాడు.

కీర్తన లెన్స్ ఎత్తింది. గుడ్డ కింద హన్నమ్మ కూడా ఎత్తుకుంది.

చిన్న గొంతు కాదు. దవడా తలా కలిసి కదిలాయి. ఉషశ్రీ చటుక్కున చెయ్యి వెనక్కు తీసుకుంది. కోసిన కన్ను తెరిచే ఉంది.

"పాడొద్దమ్మా" అంది ఉషశ్రీ.

ఆళ్లగడ్డ చర్చిలో వెనకవాళ్ల గొంతు కలవకపోతే హన్నమ్మ ఇంకాస్త పెంచుతుంది. ఇక్కడా పెంచింది.

"కదలొద్దు, ఆపమ్మా" అన్నాడు శ్యాంసుందర్. ఆ మాటా పాటలోనే కలిసిపోయింది. రెండో చరణం మొదలైంది.

ఆ కీర్తనకు ఇంకా నాలుగు చరణాలున్నాయని కీర్తనకు తెలుసు. అందులో ఏ ఒక్కటీ వదలని మనిషి అని కూడా అర్థమైంది. చేతిలో లెన్స్ అలాగే పట్టుకొని, చర్చిలో వినే పాస్టరు నిదానపు గొంతు తెచ్చుకుంది. తల కదిలితే ముప్పని, నాలుక చివరిదాకా వచ్చిన "తలలు వంచి" అనే మాటను మింగేసి, మిగిలింది మాత్రం పలికింది.

"మౌన ప్రార్థన."

పాట అక్కడికక్కడే ఆగింది. హన్నమ్మ రాతిబొమ్మలాగా పడుకుంది. ఉషశ్రీ చెయ్యి చాపింది, కీర్తన అందించింది. ఆ హడావుడిలో తన చెయ్యి వణుకుతుందేమో చూసుకోవాలన్న సంగతే కీర్తనకు గుర్తు లేదు.

కట్టు కట్టారు. గుడ్డ తీశారు. "లెయ్యమ్మా, అయిపోయింది" అంది ఉషశ్రీ. హన్నమ్మ కదల్లేదు. రెండోసారి పిలిచినా పలకలేదు. డాక్టరమ్మ కంగారుగా నాడి పట్టుకుంది. అప్పుడు వెలిగింది కీర్తనకు.

"ఆమేన్" అంది.

"ఆమేన్" అని హన్నమ్మ లేచి కూర్చుంది. "ఇంతసేపు మౌన ప్రార్థన మా పాస్టరు గూడా చేయించల్యా. ఏం సంఘమప్పా ఇది."

మరుసటి పొద్దున కట్టు విప్పారు. హన్నమ్మ కాసేపు రెప్పలాడించి, ఎదురుగా ఉన్న కీర్తనను కిందినుంచి పైకి చూసింది.

"ఇంత పొట్టిగుండావేందే. గొంతు ఇని పొడుగు మనిషివనుకుంటి. పేరేంది నీది?"

"కీర్తన."

హన్నమ్మ ఆ పేరు ఒకసారి తానూ పలికింది. "బస్సులోనే చెప్పుంటే నీ సొమ్మేం పోయుండె" అంది.

బృందం వెళ్లే రోజు శ్యాంసుందర్ కీర్తనను పిలిచాడు. "బల్ల నీదే. మంగళవారాలు ఉషశ్రీ చేస్తుంది, నువ్వు నిలబడు. కానీ థియేటర్లో నిన్ను వేరే పేరుతో పిలుద్దామా?"

"మా నాయన పెట్టిన పేరు సార్. మాట మార్చుకోండి. ఎత్తుకో అనొద్దండి."

"మీ ఊరి మాటే కదా?"

"మా ఊరి మాటే సార్. అందుకే అవ్వ పాడింది."

అప్పటినుంచి అక్కడ మంగళవారాలు ఆగలేదు. ఆళ్లగడ్డ నుంచి వచ్చేవాళ్లకు హన్నమ్మ ముందే చెప్పి పంపిస్తుంది, ఆ పాప చెప్పేదాకా ఎవరూ లెయ్యొద్దని. మొన్న కిరాణా అంగడి వెంకటరామయ్య శెట్టి కట్టు కట్టించుకొని కూడా బల్ల దిగలేదు. డాక్టరమ్మ చెప్పినా వినలేదు.

"ఆ పాపను ఆమేన్ అనమనండమ్మా" అన్నాడు.

కీర్తన అన్నాకే దిగాడు.