పంచెచాటు వెలుగు

నార్కట్‌పల్లి ఫోటోల ఎల్లేశం ఫ్లాష్‌ను కెమెరాకు తగిలించడు. పొడుగు వైరుతో పక్కన పందిరి గుంజకు కట్టి, దాని ముందు తెల్లగుడ్డ వేలాడదీస్తాడు. వెలుగు మెత్తబడితే మొహాలూ మెత్తబడతాయని ఆయన సిద్ధాంతం. అయినా ఏ పెళ్లికూతురూ నవ్విన పాపాన పోలేదు. బిక్షమ్మ పెళ్లినాడు ఆ గుడ్డ ఇంట్లో మరిచిపోయాడు. ఇంకేం చేస్తాడు, ఒంటిమీది పంచె విప్పి గుంజకు కట్టి, లాగుతో కెమెరా వెనక నిలబడ్డాడు. "ఓ ఎల్లేశం, నీ కాళ్లు జూస్తె కొంగలు గూడ సిగ్గుపడతయ్!" అంది పెళ్లికూతురి అవ్వ. పెళ్లికూతురితో సహా పందిరంతా గొల్లున నవ్వింది. బల్బు మెరిసింది.

ఆ ఫోటో ఇప్పుడు దుకాణం గోడకుంది. "గిట్లెట్ల నవ్విచ్చినవన్నా?" అని ఎవరడిగినా, "గదంత వెలుగు మెత్తదనమే" అంటాడు. మహిమ తన పిక్కలదని ఒప్పుకుంటే ఇన్నేళ్ల విద్య ఏం కావాలి? కాకపోతే అప్పట్నుంచి ఏ పెళ్లికి పోయినా గుడ్డ మాత్రం మరిచిపోతూనే ఉన్నాడు.